మస్తానమ్మ కోడికి కట్టిన కట్టు

నా పదవీ విరమణ సభలో మైకు పట్టుకున్న కుర్ర డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. "మేడం, మీ సర్వీసు మొత్తంలో మరిచిపోలేని కేసు ఏది?"

అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన కథో, బావిలో పడ్డ ఎద్దు కథో వస్తుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. "ఒక కోడి కాలు" అన్నాను. సభంతా నవ్వింది. చప్పట్లు కూడా పడ్డాయి.

నేను సరదాగా మాట్లాడతానని మా శాఖలో ఒక పేరుంది. ఆ పేరు కోసం పెద్దగా కష్టపడలేదు. గేదె తన్నినప్పుడల్లా ఏడవకుండా ఏదో ఒకటి అనేదాన్ని, అంతే. దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, కోపంతో అన్న మాటకు కూడా జనం నవ్వుతారు. ఆ రోజు నేను కోపంతోనే అన్నాను.

అందుకే ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలూ, ఇది మీ కోసం. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, రావలసినప్పుడు వచ్చినవి ఇంకా తక్కువ. కోడి కాలు గురించి రాస్తాను. మీలో కొందరికి ఇప్పటికే నవ్వొస్తూ ఉండాలి. రానివ్వండి, ఆ సంగతి చివర్లో చూద్దాం.

కోడి ఎవరిది

నేను బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగాను. మా నాన్న గూడ్సు బండికి గార్డు. కాలనీ పిల్లలందరం ఇంజను నడపాలని కలలు కనేవాళ్ళం, నేను మాత్రం దారి తప్పి పశువుల వైపు వచ్చాను. నాకు సీటు వచ్చినప్పుడు మా అమ్మ చుట్టాలందరికీ "అమ్మాయికి డాక్టరు సీటు వచ్చింది" అని చెప్పుకుంది. 'పశు' అన్న ముక్కను ఏ రైలు కిందో తోసేసింది. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దవాళ్ళు తమ మోకాళ్ళ నొప్పులు నాతో చెప్పుకునేవారు. నాలుగు కాళ్ళ నొప్పులు చదివినదాన్ని, రెండు కాళ్ళ నొప్పి వినలేనా అని నేనూ ఓపిగ్గా వినేదాన్ని.

కాలేజీలో కోళ్ళ గురించి చెప్పారు. అయితే అవి షెడ్డుల్లో ఉండే వేల కోళ్ళు. అందులో ఒకటి చస్తే దాన్ని కోసి చూసి మిగతావాటికి మందు రాయాలి. ఒక్క కోడి, అదీ పెరట్లో తిరిగే కోడి, పేరుపెట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చే కోడి కాలికి దెబ్బ తగిలించుకుని వస్తే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. అలాంటి కోడి ఆస్పత్రికి వస్తుందని వాళ్ళు అనుకోలేదు. వచ్చినా చూడాలని అసలే అనుకోలేదు.

ఉద్యోగంలో చేరాక నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి చెబుతాను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. లోపలి మాగాణి ఊళ్ళలో గేదెకు గడ్డి వేసేది ఆడమనిషి, పాలు పిండేది ఆమె, పేడ ఎత్తేది ఆమె. బీమా కాగితం మీద సంతకం మాత్రం ఆయనది. సముద్రం ఒడ్డుకు వస్తే పడవ ఆయనది, వల ఆయనది. కోడి ఒక్కటే ఆమెది. దాన్ని ఉంచాలన్నా, అమ్మాలన్నా, అల్లుడొస్తే కొయ్యాలన్నా ఆమె నోటి మాట కావాలి. పొద్దున పెట్టిన గుడ్డు ఏమైందని ఆ ఇంట్లో ఎవరూ ఆమెను లెక్క అడగరు.

ఇప్పుడు మన ఆస్పత్రి సంగతి చూడండి. గేదెను తోలుకొచ్చిన మనిషికి కూర్చోవడానికి బెంచీ. కోడిని కొంగు కింద పెట్టుకొచ్చిన ఆమెకు ఒక జోకు. "దీనికి మందు మా దగ్గర లేదమ్మా, అల్లం వెల్లుల్లి అంగట్లో దొరుకుతాయి." నేను పనిచేసిన ప్రతి చోటా ఈ జోకు విన్నాను. నాకంటే ముందే అక్కడికి బదిలీ అయి వచ్చి కూర్చుని ఉండేది. ఆ జోకు కోడి మీద అనుకుంటాం. అది ఆమె మీద. ఆమెకు అది తెలుసు. తెలిసి కూడా ఆమె నవ్వుతుంది, ఇంకేం చేస్తుంది మరి. నవ్వి, కోడిని మళ్ళీ కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఊరి కోళ్ళన్నీ తెగులొచ్చి తలలు వాల్చేస్తున్నా ఆమె మన గడప తొక్కదు. అప్పుడు మనం సమావేశంలో కూర్చుని, "మహిళల్లో అవగాహన లేదండీ" అంటాం. కుంటుతున్నది కోడే కాదు, మన సాకులు కూడా.

తనిఖీ రోజు

నా ఆఖరి పోస్టింగు వాకాడు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆస్పత్రిలో. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు రాలుస్తుండేవి. ఒక రోజు పైనుంచి పెద్దసారు తనిఖీకి వచ్చారు. ఆయన పేరు రాయను. ఆయన ఒక్కరే అయితే రాసేదాన్నేమో, అలాంటివారు ప్రతి చోటా ఒకరుంటారు. కోడిగుడ్డుకు ఈకలు పీకడంలో ఆయనను మించినవారు లేరు. రిజిస్టరులో గీత వంకరపోయినా పట్టుకునేవారు. కోడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఓపిక ఉండేది కాదు.

ఆయన వచ్చిన సమయానికి నేను వెనక పాకలో ఈనలేక అవస్థపడుతున్న గేదె దగ్గర ఉన్నాను. ముందు గదిలో జరిగింది మా అటెండరు రమణయ్య తర్వాత చెప్పాడు. రమణయ్య పాతకాపు. కట్టు కడితే చూడముచ్చటగా కడతాడు. పెద్ద ఆఫీసరు ఎదురుగా ఉంటే మాత్రం అతని నోట్లో నాలుక ఉండదు.

అప్పుడు మస్తానమ్మ వచ్చింది. ఆమెది మా ఆస్పత్రి కిందికి వచ్చే ఒడ్డుపల్లె. గంపలో కోడి. కోడి కాలికి పసుపు మరకల పాతగుడ్డ.

"ఏంటమ్మా అది?" అన్నారు పెద్దసారు.

"కోడి సారూ. కాలు బాగలేదు."

"కోడని కనబడుతూనే ఉంది. ఇది ఆస్పత్రా, హోటలా?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. మస్తానమ్మ నవ్వలేదు.

"పసుపూ సున్నం పట్టేసి దారం కట్టినా సారూ. దినాలు పోతా ఉండాయి, దారం ఊడలా. వేళ్ళు సల్లంగా ఉండాయి. రవంత ఇప్పి చూడమనండి."

రమణయ్య చెయ్యి చాచాడు. ఆ గుడ్డ దగ్గరికి రాగానే వాసన కొట్టింది. పెద్దసారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఇప్పుడు అదంతా విప్పి ఇక్కడ కంపు చెయ్యకండి. దాని మీదే గట్టిగా ఒక కట్టు వేసి పంపించెయ్. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆదివారం ఉండనే ఉంది కదమ్మా."

మళ్ళీ నవ్వులు. రమణయ్య ఆ మురికిగుడ్డ మీదే తెల్లటి కట్టు నున్నగా చుట్టి, పట్టీ అంటించాడు. తెల్లకట్టు వేసిన కోడిని ఎవరో ఫొటో తీసి శాఖ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి, రెండు చేతులెత్తి మొక్కే బొమ్మలు కూడా.

నేను చేతులు కడుక్కుని ముందుకు వచ్చేసరికి గంప నెత్తిన పెట్టుకుని గేటు దాటుతున్న ఆమె వీపు కనబడింది.

"బెణుకేనమ్మా, కట్టేసి పంపినాం" అన్నాడు రమణయ్య.

"కింద ఏముందో చూసినావా?"

"సారు వద్దన్నాడు."

"వేళ్ళెట్లా ఉన్నాయి?"

అతను నేల చూపులు చూశాడు. "సల్లంగా ఉండాయని ఆమే చెప్పిందమ్మా. రవంత నీలంగా కూడా ఉండాయి."

కాలి వేళ్ళు చల్లబడి నీలం తిరిగాయంటే బెణుకు కాదు, రక్తం పారడం లేదని అర్థం. అది మొదటి సంవత్సరం పాఠం. ఆమె ఆ పాఠం చదవకుండానే చెయ్యిపెట్టి చూసి చెప్పింది. చదివినవాళ్ళం దాని మీద గుడ్డ కప్పాం. మర్నాడు పొద్దున్నే, కోళ్ళను ఊడ్చిపెట్టేసే కొక్కెర తెగులు టీకాలకు ఆ పల్లెకే వెళ్ళవలసి ఉంది. టీకాల పెట్టెతో పాటు చిన్న కత్తెర, చిమటా, బ్లేడు కూడా సంచిలో వేసుకున్నాను.

ఊడిపోయే దారం

మస్తానమ్మ ఇంటి ముందు ఇసుకమెరక మీద వలలు ఆరేసి ఉన్నాయి. ఆమె భర్త శీనయ్య చూరు నీడన కూర్చుని, వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, చిరుగులు అల్లుతున్నాడు.

"రా డాక్టరమ్మా" అన్నాడు. "నిన్న మీ ఆస్పత్రి నించి వచ్చినకాణ్ణించి మా ఇంటిది నాతో మాట్టాడలా. ఏం మందు పోసినారో గానీ బలే మందు. నెలకొక తూరి పొయ్యండి."

"నువ్వు నోరు మూసుకుని నీ వల చూసుకో" అంది లోపలినుంచి మస్తానమ్మ.

కోడిని తెచ్చి నా ముందు దించింది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. చుక్కలపెట్ట అని పిలుస్తుంది. కిందటి వానల్లో వచ్చిన తెగులుకు పెరడు పెరడంతా ఖాళీ అయితే ఇది ఒక్కటే బతికింది. పులికాట్ ఒడ్డునున్న పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చిన కోడి సంతతి ఇది. అంతకంటే ముఖ్యం, ఇది పొదగడంలో గట్టిది. గుడ్ల మీద కూర్చుందంటే పిల్లలయ్యేదాకా లేవదు. వీధిలో ఆడవాళ్ళంతా తమ గుడ్లు తెచ్చి దీని కింద పెడతారు. పుట్టిన పిల్లల్లో సగం వాళ్ళకు, సగం మస్తానమ్మకు. పోయిన పెరడును మళ్ళీ నింపుకోవడానికి ఆమెకు ఉన్న దారి అదొక్కటే. పడవ మరమ్మతు చేస్తుంటే చెక్క జారి దీని కాలి మీద పడింది. పెద్ద దెబ్బేమీ కాదు, కాస్త వాచింది, అంతే.

"కాలు పోతే ఇది గుడ్ల మీద ఎట్టా కూచుంటదమ్మా?" అంది. "ఇది పొదగకపోతే నా పెరట్లో ఇంక కోడనే మాటే ఉండదు."

కోడి తల మీద తువ్వాలు కప్పాను. కళ్ళకు చీకటైతే కోడి కదలదు. మా ఆస్పత్రి కట్టు ముందు కత్తిరించాను. కింద పాతగుడ్డ, అది నానబెడితే గానీ ఊడలేదు. దాని కింద సున్నానికి కాలి బొబ్బలెక్కిన చర్మం. కాలు లావెక్కి, మధ్యలో ఒక్కచోట మాత్రం సన్నగా గాడి పడినట్టు నొక్కుకుపోయి ఉంది.

"దారం కట్టినానన్నావంటగా, ఏదీ?" అన్నాను.

మస్తానమ్మ వంగి చూసింది. ఆమె ముఖం విప్పారింది. "ఊడిపోయిందేమోనమ్మా" అంది.

ఇక్కడ ఆ పల్లెల ఆచారం ఒకటి చెప్పాలి. కోడి కాలికి దెబ్బ తగిలితే పసుపూ సున్నం పట్టు వేసి, గుడ్డ చుట్టి, పైన దారం కడతారు. కట్టిన దారాన్ని చేత్తో విప్పరు. విప్పితే నొప్పి తిరగబెడుతుందంటారు. దారం దానంతట అది ఊడితే కాలు నయమైనట్టు లెక్క. మనలాంటి వాళ్ళం వింటే మూఢనమ్మకం అనేస్తాం. నేనూ అనేశాను, చాలా ఏళ్ళు. కానీ ఆ మాట పుట్టినప్పుడు కట్టింది నూలుదారం. చెమ్మలో, మట్టిలో, పేడలో తిరిగే కోడి కాలికి నూలుదారం కొన్నాళ్ళలో చివికి తెగిపోతుంది. చిన్న దెబ్బ మానడానికి ఆ కొన్నాళ్ళు చాలు. కాలు మరీ వాస్తే నూలు తానే తెగిపోయేది. ఆచారంలో తప్పేమీ లేదు.

తర్వాత నూలువలలు పోయాయి, నైలాను వచ్చింది. ఇంట్లో చేతికందే దారం వలదారమే అయింది. ఆచారం అలాగే ఉంది, దారం మారిపోయింది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానినా చివకని దారం కోడి కాలికి చివుకుతుందా? కాలు వాస్తుంది, దారం సడలదు. వాచినకొద్దీ మాంసం దాన్ని మింగుతుంది. పైకి చూస్తే దారం ఊడిపోయినట్టే ఉంటుంది.

చిమటాతో ఆ గాడిలో వెతికాను. కొస దొరికింది. బ్లేడు మొనతో తెంపి, మెల్లగా లాగితే నీలిరంగు దారం చుట్లు చుట్లుగా బయటికి వచ్చింది. శీనయ్య వల వదిలేసి వచ్చి నిలబడ్డాడు. దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది నా ఉండలోదే" అన్నాడు. "గట్టిది కావాలంటే కొత్త ఉండ తెంచి ఇచ్చినా."

మస్తానమ్మ ఆ దారం అతని చేతిలోంచి తీసుకుంది. "మా అమ్మ కడితే ఊడిపోయేది" అంది.

వేళ్ళు నల్లబడి చల్లగా ఉన్నాయి. సూదితో గుచ్చి చూశాను, కోడి కదలలేదు, రక్తం రాలేదు. పాదం చచ్చిపోయింది. నిన్న విప్పి ఉంటే దక్కేదా? తప్పకుండా దక్కేదని చెప్పలేను. నీలంగా ఉన్న కాలికి కొంత ఆశ ఉంటుంది, నల్లబడ్డాక ఉండదు. ఆ మిగిలిన ఆశ మీద మనం తెల్లటి కట్టు వేసి, పట్టీ అంటించి, ఫొటో తీసుకున్నాం.

శీనయ్య మీద నాకు కోపం రాలేదు. అతనికి తెలియదు. మాకు తెలుసు. మస్తానమ్మ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "నిన్న ఇప్పమని అడిగినా గదమ్మా" అంది, అంతే. తిట్టి ఉంటే ఇవాళ ఇంత రాయవలసిన పని ఉండేది కాదేమో.

ఒంటికాలి సంసారం

చచ్చిన పాదాన్ని అలాగే వదిలేస్తే పైకి కుళ్ళుతుంది. ఆ రోజే ఆస్పత్రికి తీసుకొచ్చి, తిమ్మిరి మందు ఇచ్చి, దారం కోసుకుపోయిన చోటికి పైన ఆరోగ్యంగా ఉన్నచోట తీసేశాను. రమణయ్య కోడిని పట్టుకున్నాడు. నేను చెప్పకుండానే కట్టు వదులుగా కట్టి, దాని కింద తన వేలు దూర్చి చూసుకున్నాడు.

ఆ తర్వాత పని మస్తానమ్మది. మీకు పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను. మందులకంటే ఇదే ముఖ్యం.

కుంటికోడిని మందలో వదలకూడదు. ఎర్రగా కనబడ్డ పుండును తోటి కోళ్ళే పొడుస్తాయి, మనుషులకు తీసిపోవు. చుక్కలపెట్టకు తోటి కోళ్ళు లేవు గానీ కాకులున్నాయి. దాన్ని గూడులో కాక ఇంట్లో, గాలి తగిలే మూల ఉంచమన్నాను. ఎక్కడ కూర్చోబెట్టాలన్నది సమస్య అయింది. నేల మీద పెడితే ఒరిగిపోయి పుండు రాసుకుంటోంది. నేను అట్టపెట్టెతో ఒక కుర్చీ తయారుచేశాను. అందులో రెండు కంతలు పెట్టాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ కోడి ఒక కంతలోంచి తల బయట పెట్టి నావైపు చూసింది. అయిదేళ్ళ చదువు చదివినా చేతిపని రాదని దానికి తెలిసిపోయింది.

మస్తానమ్మ ఆ పెట్టెను పొయ్యిలోకి పెట్టి, కుండ కింద వేసే చుట్టకుదురు తెచ్చింది. ఎండుగడ్డితో పేనినది. దాని మీద మెత్తటి పాతచీర పరిచి కోడిని దించింది. బరువంతా చుట్టూరా గడ్డి మీద పడింది, తెగిన కాలు మధ్యలో ఖాళీలో నిలిచింది. నీళ్ళ చిప్ప, నూకల చిప్ప ముక్కుకు అందేంత దగ్గర పెట్టింది. అక్కడితో నేను కుర్చీలు చేయడం మానేశాను.

పుండును కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగాలి, తుడిచి ఆరనివ్వాలి, నేనిచ్చిన మందు పూయాలి. సున్నం వద్దు, అది పచ్చి చర్మాన్ని కాలుస్తుంది. ఇంట్లో మనుషులు మింగే నొప్పి మాత్రలు విరిచి వెయ్యవద్దు. మన తీరపు ఎండకు ఈగ వాలడమే ఆలస్యం, పురుగు పడుతుంది, కాబట్టి రోజూ కట్టు విప్పి చూడాలి, తడిస్తే మార్చాలి. మందు వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత నేను చెప్పేదాకా ఆ గుడ్లు తినవద్దు. అన్నిటికంటే, బాగున్న కాలిని మరిచిపోవద్దు. బరువంతా దాని మీదే పడుతుంది కాబట్టి అరికాలు వాచి గట్టిపడి పుండవుతుంది. చాలామంది డాక్టర్లు దెబ్బ తగిలిన కాలినే చూస్తారు. కోడి చచ్చేది రెండో కాలితో.

చేత్తో కట్టు విప్పాలనేసరికి మస్తానమ్మ మొదట వెనకాడింది. "ఇప్పితే తిరగబెడతాదంటారే" అంది.

"ఇప్పకపోతే ఏమయిందో చూసినావు గదా" అన్నాడు శీనయ్య. తన పాతపంచె అంచు చించి నూలు పీలికలు చేసి ఆమె చేతికి ఇచ్చాడు. ఆ రోజు ఆమె అతనితో మాట్లాడిందని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడిందో అతను చెప్పలేదు.

పుండు మానింది. కోడి మొండికాలిని నేలకు ఆనించి, రెక్క కాస్త విప్పి తూకం చూసుకుంటూ నడవడం నేర్చుకుంది. గుడ్లు పెట్టింది. పొదుగుతుందా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పొదగడమంటే ఒకచోట కూర్చోవడమే అనుకుంటారు చూడనివాళ్ళు. కోడి లేవాలి, గుడ్లను ముక్కుతో దొర్లించాలి, ఏ గుడ్డునూ తొక్కకుండా మళ్ళీ దిగాలి. అంతా కాళ్ళతో పని. మొదటి విడత ఒక గుడ్డు పగిలింది. వీధిలోవాళ్ళు తమ గుడ్లు వెనక్కి తీసుకుపోయారు. మస్తానమ్మ తన గుడ్లే పెట్టి, ఎదురుచూస్తూ ఉండిపోయింది.

వేదిక మీద

ఆ రోజుల్లోనే మండలంలో పెరటికోళ్ళ పంపిణీ సభ పెట్టారు. ఆడవాళ్ళకు కోడిపిల్లల పెట్టెలు ఇస్తారు. వేదిక మీద ఫొటోకు కోడితో సహా ఒక మహిళ కావాలన్నారు. మా పరిధిలో కోళ్ళు పెంచే ఆడవాళ్ళ పేర్లలో మస్తానమ్మది మొదటగా ఉంది కాబట్టి ఆమెను పిలిచారు. కోడిని తెమ్మన్నారు. ఆమెకు ఉన్నది ఒక్కటే కోడి. పొదుగుతున్న దాన్ని దింపి, గుడ్ల మీద గోనె కప్పి, కాసేపట్లో వచ్చేస్తానని పక్కింటామెకు చెప్పి వచ్చింది.

ముఖ్య అతిథి పెద్దసారే.

"ఇదేంటమ్మా, కుంటికోడిని తెచ్చావు?" అన్నారు. "ఫొటోలో బాగుండదు. ఆ పక్కామె కోడిని పట్టుకో."

"నా కోడి ఇదే సారూ."

"దాని కాలికేమైంది?"

"మీరు కట్టించినారు గదా సారూ, కట్టు. తనిఖీకొచ్చిన దినం."

ఆయన నవ్వారు. "నేనా? కోళ్ళకు కట్లు నేనెప్పుడు కట్టించానమ్మా?"

ఆయన అబద్ధం ఆడటం లేదు. తప్పు చేసి దాచుకునేవాళ్ళ ముఖాలు నేను సర్వీసులో చాలా చూశాను, అద్దంలో కూడా చూశాను. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఆమె ఇంట్లో ఆ రోజు ఎంత పోయిందో, ఆయన జ్ఞాపకంలో ఆ రోజుకు అంత చోటు కూడా లేదు. నా కోపమంతా అక్కడే ఉంది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన క్రూరుడైతే నాకు ఇంత కోపం రాదు. ఆయన సరదా మనిషి. నాలాగే.

నేను ఆయన పక్కకు వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆయన వాచీ చూసుకుంటూ విన్నారు.

"పోనీలెండి డాక్టరుగారూ, బతికింది కదా. మనిషి కాలేం కాదు కదా."

కోపమొస్తే ఒంటికాలి మీద లేవడం అంటారు. ఆ పని రోజూ చేస్తున్నది ఆ వేదిక మీద మస్తానమ్మ చేతిలో ఉంది. నేనూ లేచాను. "అది ఆమె కాలు సార్" అన్నాను, గట్టిగానే. అదే క్షణంలో మైకులో ఆయన పేరు పిలిచారు, చప్పట్లు మోగాయి, నా మాట వాటిలో కలిసిపోయింది. ఆయన వెళ్ళి, ఆడవారి చేతిలో కోడి ఇంటికి లక్ష్మి అని చక్కగా మాట్లాడారు.

మస్తానమ్మ ఫొటో దిగలేదు. పిల్లల పెట్టె మాత్రం తీసుకుంది. "నేను దీన్ని తీసుకుపోతా ఉండా అమ్మా, గుడ్లు సల్లబడతాయి" అని నాతో చెప్పి, ఒక చంకలో కోడి, ఇంకో చంకలో పెట్టెతో ఆటో ఎక్కింది.

ఆ పిల్లల సంగతీ చెప్పాలి. యంత్రంలో పుట్టిన పిల్లలకు తల్లి ఉండదు. బల్బు వేడిలో పెంచాలి. అది ఎలాగో ఆ సభలో ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకే ముసురు పట్టింది. చాలా ఇళ్ళలో పిల్లలు మూలన ఒకదాని మీద ఒకటి పడి చనిపోయాయి. నేను పల్లె పల్లె తిరిగి, ఆలస్యంగా, బల్బులు పెట్టించాను.

మస్తానమ్మ ఇంటికి వెళ్ళేసరికి శీనయ్య చూరు కింద వల అల్లుతున్నాడు. అతని పక్కన గోడకు కొట్టిన మేకుకు నూలు పీలికల కట్ట వేలాడుతోంది.

"అవెందుకు?" అన్నాను.

"కోళ్ళకు. వీధిలో ఆడోళ్ళు వచ్చి తీసుకుపోతుండారు. నా ఉండ జోలికి ఎవుర్నీ రానీడం లేదు నీ చెల్లెలు." తర్వాత గొంతు తగ్గించాడు. "లోనికి పోయి చూడు. అడుగు నిదానంగా పెట్టు, లేకుంటే నన్ను తిడతది."

లోపల చుట్టకుదురు మీద చుక్కలపెట్ట కూర్చుని ఉంది. ఈకల కిందినుంచి ఎన్నో చిన్న తలలు. సొంత గుడ్లలో చాలావరకు ఆ సభరోజే చల్లబడి చెడిపోయాయి, రెండు మూడు మాత్రం పిల్లలయ్యాయి. చీకటి పడ్డాక ఆ పిల్లల మధ్య మస్తానమ్మ పెట్టెలోని పిల్లల్ని కూడా ఒక్కొక్కటిగా దూర్చింది. కోడి దేన్నీ కాదనలేదు. నన్ను చూసి మొండికాలు ఆనించి, రెక్క విప్పి, ఏ పిల్లనూ తొక్కకుండా లేచి, నా పాదం మీద ఒక్క పోటు పొడిచింది. న్యాయమే.

"కూచుంటదా అని ఏడిస్తినే" అంది మస్తానమ్మ, "ఇప్పుడు లెయ్యమంటే లెయ్యదు."

ఆ పల్లెలో పంపిణీ చేసిన పిల్లలు బతికాయని శాఖ నివేదికలో రాసుకున్నారు. ఎవరు బతికించారో రాయలేదు. ఎన్ని కాళ్ళ మీద అన్నది అసలే రాయలేదు.

పిల్లలూ, మీకు నా సలహా చిన్నది. రేపు మీ గడప ముందు ఒక ఆడమనిషి గంప దించుతుంది. అందులో కోడి ఉంటుంది, దాని కాలికి మురికి కట్టు ఉంటుంది, వాసన వస్తుంది. మీ పైవాడు పక్కనే నిలబడి ఏదో అంటాడు, నవ్వొస్తుంది, నిజంగానే వస్తుంది, నాకు తెలుసు. ముందు కట్టు విప్పండి. వేళ్ళు పట్టుకుని చూడండి, వెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా అని. తర్వాత తలెత్తి ఆమె ముఖం చూడండి. అప్పటికీ నవ్వొస్తే నవ్వండి.